కుడితి గోలెం

రక్తపరీక్ష ఫలితం చూసి డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుని మళ్లీ చూసింది. డాక్టర్లు ఒకే కాగితాన్ని రెండుసార్లు చూస్తే మంచి మాట రాదని నాకు తెలుసు.

"నేను చెప్పినయన్నీ చేసిండ్రా అమ్మా?" అని అడిగింది.

"అన్నీ చేసినం మేడమ్. బోరు నీళ్లు అసలే ముట్టలే. ఫిల్టర్‌ల వడగట్టినయే తాపుతున్నం, వాటితోనే వండుతున్నం."

"మరి తగ్గాలె గదా. పోయినసారి ఇరవై రెండుండె. ఇప్పుడు ముప్పై ఎనిమిదున్నది."

నేను విన్నది నిజమేనా అని నా భర్త శివకుమార్ వైపు చూశాను. ఆయన జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. అంకెలకు భయపడే మనిషి కాదు. అలాంటిది మొహాన నెత్తురు చుక్క లేదు.

"ల్యాబోళ్లు తప్పు చేసిండ్రేమో మేడమ్. ఆ నీళ్లు నేను హైదరాబాద్ పంపి పరీక్ష చేపిచ్చిన. సీసం లేనే లేదు," అన్నాడు.

"నీళ్లల్ల లేకుంటే ఇంకెక్కడనో ఉన్నది. అది మీరే పట్టుకోవాలె. ఇట్లనే పెరిగితే పిల్లను హైదరాబాద్‌ల అడ్మిట్ చెయ్యాల్సొస్తది. సీసం మెదడు మీద పడుతది. పోయిన తెలివిని ఏ మందు వాపస్ తేదు."

మూడేళ్ల మా రుచిత నా ఒళ్లో కూర్చుని కాలి పట్టీ మువ్వల్ని ఒక్కొక్కటే లాగుతోంది. తన గురించే మాట్లాడుతున్నామని దానికి తెలియదు. నిజామాబాద్ నుంచి బోధన్ వచ్చేదాకా బస్సులో మేమిద్దరం నోరు విప్పలేదు. మాట్లాడితే ఏడుస్తానని నా భయం. నేను ఏడ్చానంటే తిట్టడం మొదలవుతుంది, మొదలైతే ఆగదు. మోర్తాడ్‌లో మా పుట్టింటివాళ్లు నన్ను ఊరికే మిరపకాయ అనలేదు.

మా వాడ వెనక ఒక పెద్ద ఖాళీ జాగా ఉంది. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు బండ్లు అక్కడ వరసగా నిలబడి తమ వంతు కోసం చూసేవట. ఫ్యాక్టరీ మూతబడ్డాక అక్కడ పందులు తప్ప ఎవరూ తిరగలేదు. కొన్నేళ్ల కిందట ఎవరో వచ్చి రేకుల షెడ్డు వేసి, పాత బ్యాటరీలు పగలగొట్టి కరిగించడం మొదలుపెట్టారు. పొగకు పిల్లలు దగ్గుతున్నారని వాడంతా పోయి గొడవ చేస్తే, ఒకరోజు పొద్దున చూసేసరికి రేకులతో సహా మాయమయ్యారు. పీడ విరగడైందనుకున్నాం. వాళ్లు పోయారు గాని నేలలోకి ఇంకింది పోతుందా? అది మెల్లగా మా బోరులోకి దిగింది.

ఆ బోరంటే మా వాడకు తగని గొప్ప. బురద రంగు నల్లా నీళ్లు బట్టలకు, బోరు నీళ్లు కడుపుకు. "మా బోరు నీళ్లల్ల పప్పు వెన్న లెక్క ఉడుకుతది" అని మా అత్తమ్మ సుమిత్రమ్మ వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేది. పోయేటప్పుడు సీసాలో నింపి ఇచ్చేది కూడా.

రుచితకు రెండేళ్లు దాటాక తేడా కనిపించింది. మొహం పాలిపోయింది. కడుపునొప్పి అని ముడుచుకుని పడుకునేది. అంతకుముందు గలగలా అన్న మాటలు ఒక్కొక్కటే మానేసింది. అత్తమ్మ దిష్టి తీసింది, నేను టానిక్కులు తాపాను. రెండూ సమానంగానే పనిచేశాయి. చివరికి నిజామాబాద్ డాక్టరమ్మ మేం ఉండే చోటు గురించి గుచ్చి గుచ్చి అడిగి, రక్తం పరీక్షకు పంపితే, సీసం అని తేలింది. బ్యాటరీల్లో ఉండే సీసం నా బిడ్డ నెత్తురులో ఉందంటే నాకు ముందు అర్థమే కాలేదు. అర్థమయ్యాక ఆ ఖాళీ జాగాలోకి పోయి, లేని ఆ షెడ్డువాళ్లను నోటికొచ్చినట్టు తిట్టి వచ్చాను. అక్కడున్న పందులే విన్నాయి.

అప్పటినుంచి శివకుమార్‌కు ఒకటే ధ్యాస. తాగడానికి క్యాన్లు కొన్నాం సరే, వంటకు, బియ్యం కడగడానికి, కూరలు కడగడానికి ఎన్ని క్యాన్లు మోస్తాం? ఆయన ఏవేవో చదివాడు. పండ్ల తొక్కలకు నీళ్లలోని సీసాన్ని పట్టుకునే గుణం ఉందట. అరటి తొక్క, బత్తాయి తొక్క, చెరుకు పిప్పి. అయస్కాంతానికి ఇనుప రజను అంటుకున్నట్టు సీసం వాటికి అంటుకుంటుందని చెప్పాడు.

"తొక్కలతోని రోగాలు పోతే దవాఖానలెందుకు?" అని నవ్వాను.

"నువ్వు నవ్వు. నేను చేసి చూపిస్త," అన్నాడు.

చేసి చూపించాడు కూడా. బస్టాండు దగ్గర చెరుకురసం బండివాళ్ల నుంచి పిప్పి, జ్యూస్ దుకాణాల నుంచి తొక్కలు సంచులకొద్దీ మోసుకొచ్చాడు. మిద్దె మీద ఎండబెట్టి, అత్తమ్మతో ముతకగా దంచించి, కడిగి, ఒక డ్రమ్ములో ఇసుకకూ గుడ్డకూ మధ్య పొరలుగా నింపాడు. పైన బోరు నీళ్లు పోస్తే కింద కుళాయిలోంచి నెమ్మదిగా వడిసేవి. వారానికోసారి పాత తొక్కలు తీసి కొత్తవి నింపాలి. అంతే పని. హైదరాబాద్ ల్యాబు నుంచి నీళ్లలో సీసం లేదని కబురొచ్చిన రోజు ఆ పెద్దమనిషి వంటింట్లో నిలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆ రోజు మాత్రం తిట్టలేదు.

వాడవాళ్లు ఊరుకుంటారా? ఇంటింటికీ ఒక డ్రమ్ము వెలిసింది. శివకుమార్ ప్రతి ఇంటికీ పోయి, నింపడం నేర్పి వచ్చాడు. ఆయన పేరు తొక్కల సారు అయిపోయింది. మా మామ రాజారాం హోటల్ దగ్గర కూర్చుని, "మా వాడు తొక్క అని తీసిపారేసినదాంతోని పాణాలు నిలవెడుతున్నడు" అని రోజూ చెప్పేవాడు. వినేవాళ్లకు తప్పించుకునే దారి ఉండేది కాదు.

డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. పిల్లకు పాలు బాగా తాపండి, కాల్షియం ఉంటే ఒంటికి సీసం తక్కువ పడుతుంది అని. అత్తమ్మకు ఆ మాట చాలు. పొద్దంతా అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టే మా అత్తమ్మకు లోకంలో రెండే ప్రాణాలు. ఒకటి రుచిత, రెండోది లచ్చి అనే మా బర్రె. పొద్దున ఒక గిలాస, పగలు ఒక గిలాస, పొద్దుగూకినంక ఒక గిలాస. చుట్టే బీడీ పక్కనపెట్టి, చేతులు కడుక్కుని, పాలు ఆరబోసి, "ఇగ తాగు నా తల్లీ, పెయ్యికి రక్తం పడుతది" అని దగ్గర కూర్చుని తాపేది. రుచిత ఆమెను బాపమ్మా అంటుంది. నా చేతి అన్నానికి మొహం తిప్పుకునే పిల్ల బాపమ్మ చేతి పాలను చివరి చుక్కదాకా తాగేది.

ఇన్ని చేశాక ఇరవై రెండు ముప్పై ఎనిమిది అయింది.

ఇంటికి వచ్చిన రోజే వెతకడం మొదలుపెట్టాం. రంగు వేసిన బొమ్మలన్నీ గోనెసంచిలో వేసి కట్టాను. కళాయి పూసిన పాత గిన్నెలు అటక ఎక్కాయి. కుంకుమ, కాటుక పారేశాం. బీడీల చాట దగ్గరికి పిల్లను పోనివ్వొద్దని అత్తమ్మకు గట్టిగా చెప్పాను. ఆమె చాటను తీసుకుని పిట్టగోడ అవతలికి పోయి కూర్చుంది, పాపం.

తర్వాత శివకుమార్ నా పసుపు డబ్బా తీశాడు.

"కొందరు పసుపుల రంగు కలుపుతరు సవితా. ఆ రంగుల సీసముంటది."

"అది మా అమ్మ పంపిన పసుపు. మా చేన్ల పండింది. మా అమ్మ ఉడకబెట్టి, ఎండబెట్టి, దంచి పంపింది. దానికి రంగు ఎవడు కలుపుతడు? మా అమ్మ కలుపుతదా?"

"పరీక్షకు పంపితే తేలిపోతది గదా."

"పంపు. నన్ను కూడ పంపు. నేను కూడ మోర్తాడ్‌కెల్లే వచ్చిన."

పసుపు పరీక్షకు పోయింది. అందులో ఏమీ లేదని వారం తర్వాత తేలింది. గెలిచినందుకు నాకు సంతోషం కలగాలి. కలగలేదు. పసుపులో దొరికినా బాగుండేదనిపించింది. దొరికితే పారేసేదాన్ని. ఇప్పుడు మా ఇంట్లోనే ఎక్కడో ఉంది, నా బిడ్డ దాన్ని రోజూ మింగుతోంది, అది నాకు కనబడడం లేదు. అన్నం ముద్ద కలిపి దాని నోటి దగ్గరికి తీసుకుపోయి, మళ్లీ కంచంలోనే పెట్టేసేదాన్ని.

అలాంటి రోజుల్లోనే లచ్చి దుడ్డెకు జబ్బు చేసింది.

లచ్చికి ఆర్నెల్ల దుడ్డె ఉంది. ఆదివారం పొద్దున అది కొట్టంలో గోడకు తల ఆనించి నెడుతూ నిలబడింది. ఎవరు లాగినా మళ్లీ పోయి గోడకే ఆనించింది. పళ్లు పటపటా కొరుకుతోంది. మామ దాని కళ్ల ముందు చెయ్యి ఊపితే రెప్ప కూడా వేయలేదు.

"దీనికి కండ్లు పోయినయే!" అని మామ కేక పెట్టాడు.

అత్తమ్మ చుట్టే బీడీ జారవిడిచి పరుగెత్తింది. శివకుమార్ పశువుల డాక్టరు మహేందర్‌కు ఫోన్ చేశాడు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు, అందుకే ఆదివారమైనా వచ్చాడు. మహేందర్ దుడ్డె నోరు తెరిచి చూశాడు, కళ్లలో లైటు వేసి చూశాడు. లేచి నిలబడి చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"శివా, ఇది బ్యాటరీ గిట్ల ఏమన్న నాకిందా?"

నా పక్కన ఏదో కూలినట్టయింది. చూస్తే శివకుమార్ కొట్టం రాటను పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమన్నవ్?"

"బ్యాటరీ. లేకుంటే పాత రంగు డబ్బా. సీసం కడుపులకు పోయిన దూడలు గిట్లనే చేస్తయి. గుడ్డిగైతయి, గోడకు తల పెడుతయి. నేను మస్తు చూసిన."

"ఆ షెడ్డు పోయి ఏండ్లాయె," అన్నాడు మామ. "ఇది పుట్టిందే మొన్న. కొట్టం దాటి పోలే."

"మరేం తింటది?"

"తల్లి పాలు. జరంత గడ్డి. తల్లితోని కుడితి."

మహేందర్ కుడితి గోలెం దగ్గరికి పోయాడు. కొట్టం మూల మెడదాకా నేలలో పాతిన పెద్ద సిమెంటు గోలెం అది. పక్కనున్న కట్టె తీసుకుని అడుగు నుంచి కలిపాడు. తౌడు, గంజి, బియ్యం కడిగిన నీళ్ల మధ్య నల్లగా ఉబ్బిన ముక్కలు పైకి తేలాయి. ఒకటి రెండు కాదు, గోలెం నిండా.

"ఇవేంది అవ్వా?"

అత్తమ్మ దుడ్డె తలను ఒళ్లో పెట్టుకుని ఉంది. తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

"తొక్కలు బిడ్డా. ఫిల్టర్ల డ్రమ్ములల్ల తొక్కలు. వాడంత తెచ్చి పోస్తరు. నానినయి గదా, బర్రె మంచిగ తింటది. పాలు గూడ చిక్కగైనయి."

లచ్చి తోకతో ఈగల్ని కొట్టుకుంటోంది. ఆ మాటలు నేను విన్నాను, ఒక్కొక్కటీ అర్థమైంది, అయినా అవి నిజమని ఒప్పుకోవడానికి నా మనసు మొరాయించింది.

"ఎప్పటి సంది అవ్వా?" అన్నాడు శివకుమార్. తల్లిని అడుగుతున్న గొంతులా లేదు.

"మొదటి వారం సంది. ఏమైంది రా?"

మా వాడలో ఇది ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని కాదు. బర్రె ఉన్న ఇంటికి లేని ఇళ్లవాళ్లు కుడితి తెచ్చి పోస్తారు. గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, ఏదైనా. నోరున్న జీవి తినేదాన్ని పెంటకుప్ప మీద వేస్తే పాపమని పెద్దలు కొట్టి మరీ నేర్పుతారు. కుడితి పోసినవాళ్లకు బర్రె ఉన్న ఇల్లు చల్ల పోస్తుంది. మా వాడలో పాలిచ్చే బర్రె మా ఇంట్లోనే ఉంది. అందుకే ప్రతి ఆదివారం డ్రమ్ములు మార్చుకున్నాక ఇంటింటి నుంచి బకెట్లు వచ్చాయి. వచ్చినవాళ్లు గోలెంలో కుమ్మరించి, అదే చేత్తో చెంబు చాపితే అత్తమ్మ చల్ల పోసింది. ఇదంతా నా కళ్ల ముందే జరిగింది. ఆ బకెట్లకు దారి ఇవ్వడానికి నేను అరుగు మీది నుంచి కాళ్లు ముడుచుకున్నాను కూడా. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. వాడలోని అన్ని డ్రమ్ములూ పట్టుకున్న సీసం మొత్తం మా ఒక్క గోలెంలోకి వచ్చింది. గోలెంలోంచి లచ్చి కడుపులోకి పోయింది. అక్కడినుంచి రోజుకు మూడు గిలాసలు నా బిడ్డకు పోయింది.

నేను శివకుమార్ చొక్కా పట్టుకున్నాను. మహేందర్ ఉన్నాడని కూడా చూసుకోలేదు.

"నీళ్లల్లకెల్లి తీసిన సీసం యాడికి పోతదని ఒక్కనాడన్న అనుకున్నవా?"

"తొక్కలల్ల ఉంటది అని చెప్పిన గదా."

"తొక్కలు యాడికి పోతయని అడుగుతున్న! మీ అవ్వ చేతులకెల్లి ఒక్క తొక్కన్న పెంటల పడుడు నీ పుట్టుకల చూసినవా?"

"నీళ్లు... నేను నీళ్లనే చూసిన," అన్నాడు. నా చేతిలోంచి చొక్కా జారిపోయింది. ఇంకా తిట్టాలని ఉంది. తిట్లు రాలేదు. నా జన్మలో నాకు తిట్లు రాని రోజు అదొక్కటే.

అత్తమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "తొక్కలల్ల ఏమున్నది రా? అవి తినేటియే గదా?" అంది. మహేందర్ ఆమె పక్కన గొంతుక్కూర్చుని మెల్లగా చెప్పాడు. నీళ్లలోని విషం తొక్కలకు అంటింది, తొక్కలు తిన్నది బర్రె, బర్రె పాలలోకి కొంత దిగింది అని. ఆమె చివరిదాకా విన్నది. తర్వాత తన అరచేతులు రెండూ విప్పి చూసుకుంది.

"నేను ఆరబోసి తాపిన," అంది. "వద్దంటే గూడ బుజ్జగిచ్చి తాపిన."

దుడ్డె మధ్యాహ్నానికి చచ్చిపోయింది. దాన్ని చూసి ఏడవడానికి ఎవరికీ తీరిక లేదు. గోలెం ఎవరూ ముట్టొద్దని, పాలు పిండి గుంట తవ్వి పూడ్చాలని, బర్రెను అమ్మొద్దని మహేందర్ చెప్పిపోయాడు. శివకుమార్ డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. పాలు ఇప్పుడే ఆపెయ్యండి, పొద్దున్నే పిల్లను తీసుకుని రండి, చల్ల తాగిన పిల్లలందర్నీ తీసుకుని రండి, మూలం దొరికింది కాబట్టి ఇక తగ్గే దారి ఉంది అని ఆమె అన్నదట. తగ్గుతుంది అనలేదు. దారి ఉంది అన్నది. నేను ఆ మాటను పదిసార్లు చెప్పించుకున్నాను.

వాడకు చెప్పాలి. మామ పోతానన్నాడు. అత్తమ్మ చెంగు దోపుకుని లేచింది.

"చల్ల పోసింది నేను. నేనే చెప్త."

రుచితను చంకన వేసుకుని నేను వెంట నడిచాను. ఆమెను ఒంటరిగా పంపడానికి మనసొప్పలేదు, ఆమె మొహం చూడడానికీ మనసొప్పలేదు. మొదటి ఇల్లు పెంటవ్వది. ఆమె విని, "నా మనుమలు మీ చల్లతోనే బతికిండ్రు గదనే!" అని నెత్తి కొట్టుకుంది. రెండో ఇంట్లో నమ్మలేదు, సారు మీద ఓర్వలేక ఎవరో పుకారు లేపారన్నారు. మూడో ఇంట్లో ఒక్క మాటా అనకుండా మా మొహం మీద తలుపేశారు. అత్తమ్మ ప్రతి గడప ముందూ అదే మాట అదే వరసలో చెప్పింది. ఎక్కడా తనను తాను వెనకేసుకురాలేదు.

జ్యోతిరాణి మా వెనక ఇంటి కోడలు. మూడు నెలల బాలింత. ఆమె గుమ్మంలో కూర్చుని కొడుకుకు పాలిస్తోంది. మమ్మల్ని చూసి కొంగు సర్దుకుని నవ్వింది. కడుపుతో ఉన్నప్పుడు ఆమెకు అన్నం సహించేది కాదు, చల్ల ఒక్కటే దిగేది. అందుకని అత్తమ్మ అందరికంటే ముందు ఆమెకే పోసేది, అందరికంటే ఎక్కువ పోసేది.

అత్తమ్మ చెప్పింది. జ్యోతిరాణి వింటూ వింటూ నవ్వు మానేసింది.

"అంటే... నా పెయ్యిల, నా నెత్తుర్ల గూడ ఉన్నదా పెద్దమ్మా?"

అత్తమ్మ తల ఊపింది.

జ్యోతిరాణి ఒళ్లోకి చూసుకుంది. పిల్లవాడు కళ్లు మూసుకుని గుటకలు వేస్తున్నాడు. ఆమె నా వైపు తిరిగింది.

"అక్కా, బర్రె తిన్నది దాని పాలల్లకొచ్చింది గదా. మరి నేను తాగింది?"

ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఎవరికీ తట్టలేదు. పిల్లవాడిని రొమ్ము నుంచి తీయాలో వద్దో తెలియక ఆమె చేతులు గాలిలో ఆగిపోయాయి. వాడేమో తాగుతూనే ఉన్నాడు. డాక్టరమ్మను అడిగితే గాని చెప్పలేనని, పొద్దున అందరం కలిసి పోదామని నేను ఏదో గొణిగాను. ఇంటికి పోయి ఫోన్ చేస్తే, తల్లి పాలు మాన్పించొద్దు, ఆ బర్రె చల్ల మాన్పించండి, ఇద్దరికీ పరీక్ష చేద్దాం అని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట మళ్లీ పోయి జ్యోతిరాణికి చెప్పేదాకా ఆమె అలాగే కూర్చుని ఉంది.

పొద్దున నిజామాబాద్ బస్సులో సగం మా వాడవాళ్లమే. పిల్లలకు పండుగలా ఉంది, కిటికీల కోసం కొట్టుకున్నారు. పెద్దవాళ్లు ఎవరూ శివకుమార్‌తో మాట్లాడలేదు. ఆయన చివరి సీటులో ఒక్కడే కూర్చున్నాడు. నాకు జాలి వేసింది, కోపమూ వేసింది, రెండిట్లో ఏదీ తగ్గలేదు.

ల్యాబులో నర్సు గాజు గొట్టాల మీద పేర్లు రాసుకుని, "ముందుగాల ఎవరు?" అంది. నేను రుచితను కుర్చీలో కూర్చోబెట్టాను. అది సూదిని చూసింది. తర్వాత నర్సు మొహం చూసింది.

"నేను పాలు తాగలే," అంది.

నర్సుకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నిన్నటినుంచి ఇంట్లో ఒకటే మాట. ఎవరు తాగారు, ఎంత తాగారు, ఎందుకు తాగారు. అందరూ అరిచారు, ఏడ్చారు, బాపమ్మ పాలివ్వడం మానేసింది. ఇప్పుడు సూది. పాలు తాగడం పెద్ద తప్పని, ఆ తప్పు చేసినవాళ్లను పొడుస్తారని పిల్ల తనకు తానే లెక్క కట్టుకుంది.

"జరంత గూడ తాగలే," అంది మళ్లీ. చెయ్యి వీపు వెనక దాచుకుంది.

గోడ పక్కన నిలబడ్డ అత్తమ్మ ఒక్క అంగలో వచ్చి కుర్చీ పక్కన కూలబడింది.

"నువ్వు తాగలే బిడ్డా. నేను తాపిన," అంది. రైక చెయ్యి పైకి నెట్టుకుని తన చేతిని నర్సు ముందు బల్ల మీద పెట్టింది. "నాకు పొడువు అమ్మా. తాపినోళ్లకు పొడువాలె. దాన్ని ఇడిసిపెట్టు."

"అవ్వా, నీకు కాదు, పిల్లలకు..." అంది నర్సు.

"పొడువమంటున్న గదా!" అని అత్తమ్మ అరిచింది. ఆమె గట్టిగా మాట్లాడడం నా కాపురంలో నేను వినలేదు. వరండాలో ఉన్న పిల్లలు ఆట ఆపేశారు. ఆమెను లేపాలని నేను వంగాను. నిన్నటినుంచి ఆమె మీద దాచుకున్న కోపం ఎక్కడుందో వెతుక్కున్నాను, కనబడలేదు. నాకు ఏడుపొచ్చింది, అంతే.

రుచిత బాపమ్మ చేతినీ సూదినీ మార్చి మార్చి చూసింది. రెండు చేతులతో బాపమ్మ చేతిని బల్ల మీది నుంచి తోసేసింది. వీపు వెనక దాచుకున్న తన చెయ్యిని తెచ్చి అక్కడ పెట్టింది.

"బాపమ్మకొద్దు," అంది. "నేనే తాగిన."

నర్సు నా వైపు చూసింది. నేను రుచిత చెయ్యి కదలకుండా పట్టుకున్నాను.